ఆ ఈకల టోపీ ఎవరిది?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా యువత సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



హాస్టల్ వార్డెన్లను ఎవరు పిలిచినా చదువు, క్రమశిక్షణ, రక్తహీనత, ఇంటర్ తర్వాత ఏమిటి, ఇవే చెప్పమంటారు. అవి ఏడాది పొడుగునా చెబుతూనే ఉన్నాం. మా పిల్లలకు వినీ వినీ కంఠతా వచ్చేశాయి. అందుకని ఈ రోజు ఒక సినిమా గురించి చెబుతాం. మీలో ఎవరూ చూసి ఉండరు. పారిస్‌లో తీసిన ఫ్రెంచి సినిమా. తీసినాయన ఇటలీ వాడు. కథేమో అమెరికా ఇండియన్లది. మనకేం సంబంధం అని మీరు అడగొచ్చు. ఆ సంబంధం ఒక టోపీలో ఉంది. ముందు ఆ టోపీ సంగతి చెప్పి మొదలుపెడతాం.

పదేళ్ళ కిందటి మాట. మా హాస్టల్ వార్షికోత్సవానికి పెద్ద అతిథి వస్తున్నారు. "మీ పిల్లల చేత గిరిజన నృత్యం చేయించండి, కాస్త కలర్‌ఫుల్‌గా ఉండాలి" అని కబురొచ్చింది. మా ఆడపిల్లలకు థింసా పుట్టుకతో వచ్చినట్టే వస్తుంది. అయినా ముతక చీరలతో, ఒట్టి కాళ్ళతో ఆడితే కలర్‌ఫుల్‌గా ఉండదేమోనని మాకే అనిపించింది. మేమే బస్సెక్కి టౌనుకు వెళ్ళి, నాటకాల సామాను అద్దెకిచ్చే షాపులో ఈకల టోపీలు, ఆకుల లంగాలు తెచ్చాం. ఎవరూ బలవంతం చేయలేదు. బిల్లు మీద సంతకం కూడా మాదే.

ఏడో తరగతి అమ్మాయి ఒకతి ఆ టోపీని అటూ ఇటూ తిప్పి చూసి, "మేడం, ఇది ఏ ఊరి వాళ్ళది?" అని అడిగింది. మాకు తెలియదు. తెలియదని చెప్పకుండా, "పెట్టుకోమ్మా, బాగుంటుంది" అన్నాం. డాన్సుకు చప్పట్లు బాగా పడ్డాయి. అతిథి పిల్లలతో ఫోటో దిగారు. ఆ ఫోటోకు ఫ్రేము కట్టించి ఆఫీసు గదిలో తగిలించాం. చాలా ఏళ్ళు అక్కడే ఉంది.

ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు మాకు ఈ సినిమా చూశాకే దొరికింది.

మా హాస్టల్లో చదివి, ఇప్పుడు బయట డిగ్రీ చేస్తున్న కుర్రాడు ఒకడు సెలవులకు వచ్చినప్పుడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి చూపించాడు. సినిమా పేరు ఫ్రెంచిలో 'తూష్ పా ఆ లా ఫామ్ బ్లాంష్'. 'తెల్ల ఆవిడను ముట్టుకోకు' అని అర్థం. 1974లో విడుదలైంది. దర్శకుడు మార్కో ఫెర్రేరి. మార్చెల్లో మస్త్రోయాని, కాథరిన్ దనవ్ లాంటి పేరున్న నటులున్నా అప్పట్లో పెద్దగా ఆడలేదు. ఇప్పటికీ వెతుక్కుని చూసేవాళ్ళు కొద్దిమందే. చిన్న పిల్లలకు చూపించే సినిమా కాదు కాబట్టి డిగ్రీ పిల్లలు నలుగురైదుగురితో కూర్చుని, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఆపి ఆపి చదువుకుంటూ చూశాం.

వెస్టర్న్ అంటే ఏమిటో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1971లో కృష్ణగారి 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చింది. తర్వాత చిరంజీవిగారి 'కొదమ సింహం', మహేశ్‌బాబు 'టక్కరి దొంగ'. గుర్రం, టోపీ, నడుముకు తుపాకి, దుమ్ము లేచే ఊరు. మన తెలుగు కౌబాయ్ సినిమాల్లో నిధి కోసమో పగ కోసమో పోరాటం ఉంటుంది. అసలు హాలీవుడ్ వెస్టర్న్‌లలో చాలావాటిలో ఇంకొకరు కూడా ఉంటారు. కొండ మీంచి కేకలేస్తూ దిగి వచ్చేవాళ్ళు, బండ్ల చుట్టూ తిరుగుతూ బాణాలేసేవాళ్ళు, హీరో కాల్చగానే గుర్రం మీంచి పడిపోయేవాళ్ళు. వాళ్ళకు పేర్లుండవు. వాళ్ళే ఆ నేల సొంతదారులని సినిమా చూసేవాడికి తోచనే తోచదు.

ఫెర్రేరి ఆ వెస్టర్న్‌నే తీసుకున్నాడు. అందులోనూ అమెరికా వాళ్ళు వీరగాథగా చెప్పుకునే కథను, జనరల్ కస్టర్ ఆఖరి యుద్ధాన్ని. అయితే దాన్ని ఎడారిలో తీయలేదు. పారిస్ నడిబొడ్డున, ఒక పెద్ద గోతిలో తీశాడు.

ఆ గొయ్యి కథ చెప్పాలి. పారిస్ మధ్యలో 'లే ఆల్' అని పెద్ద సంత ఉండేది. పన్నెండో శతాబ్దం నుంచి ఉన్న సంత. మన సంతల్లా వారానికోసారి కాదు, రోజూ. కూరగాయలు, మాంసం, చేపలు, పూలు ఊరంతటికీ అక్కణ్ణుంచే. పందొమ్మిదో శతాబ్దంలో దానికి ఇనుముతో, అద్దాలతో పెద్ద పెద్ద షెడ్లు కట్టారు. మూటలు మోసేవాళ్ళు, బండ్లు తోసేవాళ్ళు, చుట్టుపక్కల చవక ఇళ్ళలో ఉండే పేదవాళ్ళు, అందరికీ బతుకు అదే. 1969లో ఆ సంతను ఊరి బయట రంజిస్ అనే చోటికి తరలించారు. 1971 నుంచి షెడ్లను పడగొట్టడం మొదలుపెట్టారు. కాపాడాలని జనం ఎంత గోల పెట్టినా వినలేదు. ఒక షెడ్డును మాత్రం గుర్తుగా విప్పి వేరే ఊళ్ళో మళ్ళీ నిలబెట్టారు. మిగిలిన చోట పెద్ద గొయ్యి తవ్వారు. ఎందుకు? భూగర్భ రైలు స్టేషను కోసం, షాపింగ్ మాల్ కోసం. స్టేషను 1977లో, మాల్ 1979లో తెరిచారు.

మధ్యలో కొన్నేళ్ళు ఆ గొయ్యి అలాగే నోరు తెరుచుకుని ఉంది. ఫెర్రేరి గుర్రాలను అందులోకే దించాడు.

సినిమాలో కథ ఇదీ. రైలు మార్గం వేయాలనుకున్న పెద్దమనుషులకు ఇండియన్లు అడ్డం. వాళ్ళను ఖాళీ చేయించాలి. దానికి కస్టర్‌ను పిలుస్తారు. మస్త్రోయాని వేసిన ఈ కస్టర్ పొడుగు జుట్టు, అందమైన యూనిఫాం వేసుకుని తన వీరత్వాన్ని తానే మెచ్చుకుంటూ తిరుగుతాడు. సర్కస్ వాడిలాంటి బఫెలో బిల్‌గా మిషెల్ పికోలి. మానవశాస్త్ర ప్రొఫెసర్‌నని చెప్పుకుంటూ తిరిగే గూఢచారి ఒకడు. సైనికులవి 1876 నాటి బట్టలు. వాళ్ళ చుట్టూ ఉన్నది 1973 నాటి పారిస్. కార్లు పోతుంటాయి, మామూలు జనం నడుస్తుంటారు. గోడ మీద అప్పటి అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఫోటో ఉంటుంది. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులవి. ఫ్రాన్సు అల్జీరియాలో చేసిన యుద్ధం ముగిసి పదేళ్ళు దాటిందంతే.

మొదట మేమూ నవ్వాం. గుర్రం మీద సైనికుడు, పక్కనే కారు. డైరెక్టరుకు మతిపోయిందా అనుకున్నాం. అరగంట గడిచాక సినిమా తెచ్చిన కుర్రాడే అన్నాడు: "మేడం, బట్టలే పాతవి. మాటలు ఇప్పటివే." నిజమే. ఇండియన్లను ఎందుకు తరలించాలో ఆ పెద్దమనుషులు చెప్పే తీరు వింటుంటే, ముంపు గ్రామాల వాళ్ళకూ గనుల పక్కన గ్రామాల వాళ్ళకూ ఎక్కడో విన్నట్టే ఉంటుంది. అభివృద్ధి, రైలు, దేశం, మీ మంచికే. సినిమాలో రైలు కోసం ఖాళీ చేయిస్తున్నారు. కెమెరా పెట్టిన గొయ్యి కూడా నిజంగా రైలు కోసం తవ్విందే. ఆ దర్శకుడి ఎగతాళి అంతా ఆ గోతిలో ఉంది.

ఇప్పుడు అసలు చరిత్ర. ఇది సినిమా కంటే ముఖ్యం, కాస్త ఓపికగా వినండి.

1868లో అమెరికా ప్రభుత్వం ఫోర్ట్ లారమీ అనే చోట లకోటా వాళ్ళతో, ఇతర తెగలతో ఒప్పందం రాసుకుంది. లకోటాలను సూ అని కూడా అంటారు. బ్లాక్ హిల్స్ అనే పవిత్రమైన కొండలు వాళ్ళవేనని కాగితం మీద ఒప్పుకుంది. 1874లో కస్టర్ సైన్యంతో ఆ కొండల్లోకి వెళ్ళాడు, బంగారం ఉందని కబురొచ్చింది. అంతే, బంగారం వెతికేవాళ్ళు చీమల్లా వచ్చిపడ్డారు. కొండలు అమ్మమని అడిగితే వాళ్ళు అమ్మమన్నారు. 1876 జనవరి 31లోగా అందరూ ఏజెన్సీల దగ్గరికి వచ్చి చేరాలి, రాకపోతే శత్రువులే అని ఉత్తర్వు వేశారు. అక్కడ కూడా ఆ ఆఫీసుల పేరు ఏజెన్సీయే. మన కొండలకు ఆ పేరు మద్రాసు గవర్నరు ఏజెంటుగా కలెక్టరు పాలించిన రోజుల నుంచి వచ్చింది. రెండు చోట్లా ఒకే ఇంగ్లీషు మాట.

1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ నది దగ్గర లకోటా, షయాన్, అరాపహో వీరులు కస్టర్ దళాన్ని ఓడించారు. ఆయన వెంట వెళ్ళిన రెండు వందల పైచిలుకు సైనికుల్లో ఒక్కరూ మిగల్లేదు. సిట్టింగ్ బుల్, క్రేజీ హార్స్ పేర్లు అప్పుడే ప్రపంచానికి తెలిశాయి. ఓడిన కస్టర్‌ను అమెరికా వీరుణ్ణి చేసుకుంది. 1941లో ఎరోల్ ఫ్లిన్ వేసిన హాలీవుడ్ సినిమాలో కూడా ఆయన మహా త్యాగమూర్తే. ఫెర్రేరి ఆ విగ్రహాన్నే గోతిలో పడేశాడు.

ఆయన సినిమా ఇండియన్ల గెలుపుతో ముగుస్తుంది. చూసేవాడికి హాయిగా ఉంటుంది. చరిత్ర అక్కడ ఆగలేదు. మరుసటి ఏడాదే, 1877లో చట్టం చేసి బ్లాక్ హిల్స్ తీసేసుకున్నారు. 1890 డిసెంబరులో సిట్టింగ్ బుల్‌ను అరెస్టు చేయడానికి వచ్చి చంపేశారు. అదే నెల 29న వూండెడ్ నీ దగ్గర ఆడవాళ్ళని, పిల్లల్ని కూడా కాల్చేశారు. 1980లో అమెరికా సుప్రీంకోర్టు ఆ కొండలు అన్యాయంగా తీసుకున్నారని తీర్పు చెప్పి, పది కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఇమ్మంది. ఆ డబ్బు వడ్డీతో వంద కోట్ల డాలర్లు దాటింది. ఆ తెగలు తీసుకోలేదు. "మా కొండలు అమ్మకానికి పెట్టలేదు" అన్నదే వాళ్ళ మాట. మన దగ్గర 1/70 చట్టం ఎందుకు వచ్చిందో, 1997లో సమతా తీర్పు ఏం చెప్పిందో చదవని తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే ఈ వారంలో చదవండి. ఆ తెగల వాళ్ళు డబ్బు ఎందుకు ముట్టలేదో అప్పుడు ఇంకా బాగా అర్థమవుతుంది.

ఇక సినిమాలో మమ్మల్ని నిద్రపోనివ్వని మనిషి కస్టర్ కాదు. మిచ్ అనే ఇండియన్. ఊగో తొన్యాత్సి వేశాడు. కస్టర్‌కు దారి చూపించేవాడు. సైన్యంతోనే ఉంటాడు, వాళ్ళకు కావలసినవాడే. అయినా సినిమా పేరులో ఉన్న గీత గీసింది అతని ముందే. తెల్ల ఆవిడను ముట్టుకోకు. మా పని చెయ్యి, మాలో కలవకు అని.

నిజం యుద్ధంలో కూడా కస్టర్‌కు దారి చూపింది క్రో, అరికరా తెగల వాళ్ళు. వాళ్ళను ద్రోహులని తేలిగ్గా అనేయలేం. లకోటాలతో వాళ్ళకు పాత తగాదాలున్నాయి, తమ నేల కాపాడుకోవాలన్న ఆశ ఉంది. సిట్టింగ్ బుల్‌ను అరెస్టు చేయడానికి వచ్చింది కూడా ఇండియన్ పోలీసులే, ఆయన జాతివాళ్ళే. సర్కారు జీతం, సర్కారు బట్టలు.

ఇది చూస్తూ మేం ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోలేకపోయాం. మేము కూడా సర్కారు జీతగాళ్ళమే కదా. గూడెంలో తల్లి ఏడుస్తుంటే పిల్లను ఒప్పించి హాస్టల్‌కు తెచ్చేది మేమే. ఇంటి భాషలో మాట్లాడుకుంటుంటే "తెలుగులో మాట్లాడండి" అని గదిమింది మేమే. కువి మాట్లాడే పిల్లలు, కోయ మాట్లాడే పిల్లలు, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలు మా దగ్గరికి వచ్చిన మొదటి నెల అంతా నోరు మూసుకుని గడిపేవాళ్ళు. మా బి.ఎడ్. పుస్తకాల్లో మాతృభాషలో బోధన గురించి చదివి, పరీక్షలో జవాబు రాసి పాసైన వాళ్ళమే మేము. మైదానం నుంచి ఎవరో వచ్చి చేయలేదు. మనవాళ్ళమే చేశాం, మంచి అనుకునే చేశాం. చదువు వద్దనడం లేదు. హాస్టల్ లేకపోతే ఇక్కడున్న సగం మందికి చదువు లేదు, మాకూ లేదు. దారి చూపించేవాడు ఎవరికి చూపిస్తున్నాడో, ఎక్కడికి చూపిస్తున్నాడో మధ్యలో ఒకసారి ఆగి చూసుకోవాలి అంటున్నాం. రేపు మీలో టీచర్లవుతారు, నర్సులవుతారు, ఫారెస్టు గార్డులవుతారు, రెవెన్యూలో చేరతారు. మిచ్ చోటు మీ అందరికీ ఎదురవుతుంది.

సినిమాను ఇంత మెచ్చుకున్నాం కదా, దాని తప్పు కూడా చెప్పాలి. ఇండియన్ల తరఫున తీసిన ఈ సినిమాలో ముఖ్యమైన ఇండియన్ పాత్రలు వేసింది యూరప్ నటులు. సిట్టింగ్ బుల్ వేసింది అలాన్ క్యూనీ, ఫ్రెంచి ఆయన. మిచ్ వేసింది ఇటలీ ఆయన. సినిమా తీసిన ఆ 1973లోనే వూండెడ్ నీ ఊరిని నిజమైన ఇండియన్లు ఆక్రమించి 71 రోజులు నిలబడ్డారు. లోకమంతా చూసింది. పారిస్ గోతిలో మాత్రం ఇండియన్ అంటే ఒక వేషం, ఒక ఉపమానం. పారిస్ పేదల కష్టం చెప్పడానికి వాళ్ళ ఈకలు అరువు తెచ్చుకున్నారు. మంచి ఉద్దేశంతోనే. మేము తెచ్చినట్టు.

దానికి నాలుగేళ్ళ ముందు వచ్చిన 'లిటిల్ బిగ్ మ్యాన్' అనే అమెరికా సినిమాలో ముసలి పెద్ద పాత్రను చీఫ్ డాన్ జార్జ్ వేశారు, ఆయన నిజంగా ఆదివాసీ. 1998లో 'స్మోక్ సిగ్నల్స్' వచ్చింది, దర్శకుడు క్రిస్ ఐర్ కూడా ఆదివాసీయే. అందులో రిజర్వేషన్ కుర్రాళ్ళు జాన్ వేన్‌ను ఆటపట్టిస్తారు, తమను తామూ ఆటపట్టించుకుంటారు. ఫెర్రేరి సినిమా చూశాక అది కూడా చూడండి. ఎగతాళి ఎవరి నోట వస్తుందో దాన్నిబట్టి రుచి మారిపోతుంది.

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు. ఆ ఈకల టోపీ మైదాన ప్రాంతపు ఇండియన్లది, లకోటా లాంటి తెగలది. అందులో గద్ద ఈక ఊరికే పెట్టుకునేది కాదు. సాహసం చేసినవాడికో, జనానికి సేవ చేసినవాడికో గౌరవంగా దక్కేది. ఆ టోపీ చూస్తే ఆ మనిషి ఏం చేశాడో తెలుస్తుంది. 1883లో బఫెలో బిల్ ప్రదర్శనలు మొదలుపెట్టాడు. 1885లో సిట్టింగ్ బుల్‌ను కూడా కొన్ని నెలలు తిప్పాడు. 1889లో పారిస్‌లో కూడా ఆడాడు. ఫెర్రేరి ఆయన్ని పారిస్ వీధుల్లో పెట్టడం ఉత్త కల్పన కాదన్నమాట. ఆ ఆటల నుంచి ఆ టోపీ హాలీవుడ్‌కు వెళ్ళింది, అక్కణ్ణుంచి లోకమంతా తిరిగింది. మన సినిమాల్లో 'ఆటవికుల డాన్సు'లోకి వచ్చింది, నాటకాల షాపులోకి వచ్చింది, మా హాస్టల్‌కు వచ్చింది, చివరికి ఏడో తరగతి చదివే మన గూడెం పిల్ల తల మీదికి ఎక్కింది.

మనకు ఈకలు లేకనా? గోండుల గుస్సాడీ టోపీ చూడండి, ఎన్ని నెమలి ఈకలు! దండారికి ఆ టోపీ ఎత్తినవాళ్ళు నియమం పాటిస్తారు. ఆ ఆట నేర్పిన కనకరాజుగారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. కోయల కొమ్ము ఆటలో అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు. వాటికి వేళ ఉంది, దేవుడున్నాడు, మొక్కు ఉంది. థింసాకు టోపీయే అక్కర్లేదు. ఒకరి నడుము ఒకరు పట్టుకుని వరస కదిలితే చాలు.

ఆఫీసు గదిలో ఫోటో తీసేశాం. ఈ ఏడాది వార్షికోత్సవానికి గూడేల నుంచి అవ్వలను పిలిచి, ఏం కట్టుకోవాలో, పాట ఎక్కడ ఎత్తుకోవాలో చెప్పమన్నాం. వాళ్ళు మా తెలియనితనానికి పడీ పడీ నవ్వి, నేర్పించారు.

పెద్ద పిల్లలేమో ఒక చిన్న నాటకం రాసుకున్నారు, ఇంటి భాషలో. ఒక ఆఫీసరు గూడెంకు వచ్చి "మీకేం కావాలి?" అని అడుగుతాడు, జవాబు చెప్పేలోపు "సరే, రాసుకున్నాం" అని వెళ్ళిపోతాడు. మూడుసార్లు వస్తాడు, మూడుసార్లూ అంతే. పక్కన ఒక వార్డెన్ ఉంటుంది. గంట కొడుతూ, "తెలుగులో, తెలుగులో" అని అరుస్తూ అందరి వెంటా పడుతుంది. ఆ వేషం వేసిన అమ్మాయి మా నడక, మా కళ్ళజోడు, మా చేతిలో తాళాల గుత్తి, ఏదీ వదల్లేదు. హాలంతా ఒకటే నవ్వు. మాకు మొదట ముఖం ఎర్రబడింది, తర్వాత మేమూ నవ్వేశాం. ముందు వరసలో కూర్చున్న అతిథులకు భాష రాక మమ్మల్నే అర్థం అడిగారు. ఆఫీసరు మాటలూ చెప్పాం, వార్డెన్ మాటలూ చెప్పాం. ఒక్క ముక్క దాచకుండా చెప్పాం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ అందరి చేతుల్లో ఫోనులున్నాయి. ఫెర్రేరికి దొరికినట్టు గుర్రాలు, పెద్ద నటులు మీకు అక్కర్లేదు. మీ ఊళ్ళో ఖాళీ అయిన సంత ఏదైనా ఉంటే, తవ్వి వదిలేసిన గొయ్యి ఏదైనా ఉంటే, అక్కడ నిలబడి మీ భాషలో మీ కథ మీరే తీయండి. నవ్వొచ్చేట్టు తీయండి. అందులో మమ్మల్ని కూడా వదలొద్దు. ఎవరైనా మీ నెత్తిన టోపీ పెట్టబోతే మాత్రం, ఆ ఏడో తరగతి పిల్లలా ముందు ఒక మాట అడగండి: ఇది ఏ ఊరి వాళ్ళది?